లోపల మెరిసేది బంగారు పొడి కాదు చెల్లెమ్మా

పాత నగల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అక్కా నమస్తే, మాది ప్రొద్దుటూరు. పోయిన సంక్రాంతికి ఇంటికి సున్నం కొట్టిస్తా అటక మీద నుంచి మా జేజి ట్రంకుపెట్టె దించినాం, అడుగున పాత చీర ముక్కలో చుట్టిపెట్టిన గొలుసూ లాకెట్టూ దొరికినాయి. లాకెట్టు కోలగా, చింతపిక్క కంటే కొంచెం పెద్దగా ఉండాది, ముందర పక్క ఎర్రమట్టి రంగు రాయి, దాని లోపల బంగారు పొడి చల్లినట్టు ఒకటే మెరుపు. పక్కన గోరు పెట్టి లాగితే తలుపు మాదిరి తెరుచుకుంటాది, లోపల ఒక ఆడమనిషి ఫోటో, సగం వెలిసిపోయింది. మా జేజి వాళ్ళమ్మ జమ్మలమడుగు మిషన్ ఆస్పత్రిలో ఆయాగా చేసేదంట, అక్కడి దొరసాని ఊరికి పోతా పోతా ఇచ్చిందని ఇంట్లో చెప్పుకుంటారు. బజారుకు తీసకపోతే ఒక అంగట్లో మెషిన్ లో పెట్టి చూసి తొమ్మిది కారెట్లు అన్నారు, రాయి ఉత్త గాజు, దాన్ని పీకేసి మిగిలింది తూకానికి తీసుకుంటాం అన్నారు. ఇంకో ఆయన గాజు తీసేసి మంచి కెంపు పెట్టిస్తా అంటాడు. మా వదినె ఏమో లోపల ఉండేది నిజం బంగారు పొడే, కరగబెడితే బయటికొస్తాది అంటాంది. ఎవరి మాట వినాలో తెలీక మీకు రాస్తాండా. గొలుసు కొక్కెం దగ్గర తెగింది కూడా.

జవాబు: చెల్లెమ్మా, ముందు ఒక మాట, దాన్ని ఎవరి చేతికీ ఇవ్వొద్దు. తూకానికి అసలే వద్దు. ఈ ఉత్తరం చదివినాక నాకు నిమ్మళం లేకుండా పోయింది, అందుకే లెన్సు పెట్టి దగ్గరగా తీసిన ఫోటోలు పంపమని వెంటనే మెసేజ్ పెట్టినా, నువ్వు ఓపిగ్గా ఫోన్ కెమెరా ముందర లెన్సు ఆనించి తీసి పంపినావు, వాటిని చూసిన తర్వాతే ఇది రాస్తున్నా.

అంగడాయన చెప్పింది సగం నిజం. అది గాజే. కానీ "ఉత్త" గాజు కాదు. మీ వదినె చెప్పింది మాత్రం నిజం కాదు, లోపల మెరిసేది బంగారం కాదమ్మా, రాగి. నువ్వు పంపిన నాలుగో ఫోటో ఒకసారి పెద్దది చేసి చూడు, ఆ మెరుపు చుక్కలు పొడిలాగా గుండ్రంగా లేవు, చదునుగా పల్చటి రేకులు, చాలావాటికి మూడు మూలలు స్పష్టంగా ఉన్నాయి, అక్కడక్కడా ఆరు మూలలవి కూడా. ఎవరో చెక్కినట్టు ఉంటాయి కానీ ఎవరూ చెక్కలేదు, కరిగిన గాజు లోపల రాగి తనంతట తనే ఆ ఆకారంలో గడ్డకట్టింది. దీన్ని గోల్డ్‌స్టోన్ అంటారు, అవెంచురిన్ గాజు అని కూడా అంటారు. పేరులో గోల్డ్ ఉంది, స్టోన్ ఉంది, నిజానికి బంగారమూ కాదు రాయీ కాదు, మోసపోవడానికి ఆ పేరే సగం కారణం.

పుట్టిల్లు ఇటలీ, వెనిస్ పక్కన మురానో అనే దీవి. 1291లో వెనిస్ వాళ్ళు గాజు కొలుములన్నిటినీ ఊర్లో నుంచి తీయించి ఆ దీవికి పంపించినారు, అప్పటి నుంచి ఆ దీవి బతుకంతా గాజే. 17వ శతాబ్దంలో అక్కడ మియోత్తి అనే కుటుంబం దీన్ని తయారుచేసేది, పాళ్ళు బయటికి పొక్కనివ్వకుండా ఇంట్లోనే దాచుకున్నారు, మన దగ్గర పుటం పెట్టే రహస్యాలు తండ్రి కొడుక్కి తప్ప చెప్పనట్టు. తర్వాత ఆ పని మరుగున పడిపోయింది, 19వ శతాబ్దం మొదటి సగంలో పియెత్రో బిగాల్యా అనే మురానో ఆయన మళ్ళీ సాధించినాడు. అవెంచురిన్ అనే మాటకి వాళ్ళ భాషలో అదాటున, అదృష్టం కొద్దీ వచ్చింది అని అర్థం. ఎందుకు ఆ పేరో దాని తయారీ తెలిస్తే అర్థమైతుంది.

ఇసక, సోడా, సున్నం వేసి గాజు కరిగిస్తారు, అందులో రాగి భస్మం కలుపుతారు. మామూలుగా గాలి తగిలే కొలిమిలో అయితే రాగి గాజులో కరిగిపోయి పచ్చగానో నీలంగానో రంగు ఇచ్చి ఊరుకుంటుంది. ఇక్కడ మాత్రం లోపలికి గాలి పోకుండా కొలిమి మూసేస్తారు. మన కుమ్మరోళ్ళ ఆము తెలుసు కదా, గాలి ఆడేటట్టు కాలిస్తే కుండ ఎర్రగా వస్తుంది, పొగ బయటికి పోకుండా మూసి కాలిస్తే అదే మట్టి నల్లగా వస్తుంది, అదే సూత్రం. గాలి అందకపోతే రాగి మళ్ళీ లోహంగా మారి గాజులో నుంచి విడిపడుతుంది, వేడి నిదానంగా దిగనిస్తే చిన్న చిన్న రేకులుగా పెరుగుతుంది. తొందరపడి చల్లారిస్తే రేకులు పెరగవు, ముద్ద మెరుపు లేని ఉత్త గాజుగా ఉండిపోతుంది. అన్నీ కుదిరినా మూస, అంటే గాజు కరిగించిన పాత్ర, పగలగొట్టి చూసేదాకా లోపల ఏముందో తెలీదు, పైపొర, అంచులు పనికిరావు, మధ్యలో గడ్డ మాత్రమే మంచి సరుకు. దాన్ని రాయిని కోసినట్టు కోసి, సానబట్టి, మీ జేజి పెట్టెలో ఉన్నట్టు లాకెట్టులో పొదుగుతారు. ఇంత పని చేసినదాన్ని గాజు అని చెప్పి పీకేసి చెత్తబుట్టలో వేస్తానంటే నాకు కడుపు మండింది చెల్లెమ్మా, దాచుకోలేక చెప్తున్నా.

మన సీమలో మనకు ఒక అలవాటు పడిపోయింది, భూమిలో నుంచి వచ్చిందే విలువ, మనిషి చేసింది నకిలీ. తొలకరి పడిందంటే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో జనం కుటుంబాలతో దిగి వజ్రాలు వెతుక్కునే నేల మనది, ఆ ఆశ తప్పు అనను, మా మేనమామ వాళ్ళు కూడా వెతికినోళ్ళే. కానీ గాజు పని మనకు కొత్తది కాదు, తిరుపతి దగ్గర ఏర్పేడు మండలం పాపానాయుడుపేటలో కరిగిన గాజును గొట్టంగా సాగదీసి ముక్కలు కోసి పూసలు చేసే పని తరాల నుంచి ఉంది. దక్షిణాది పాత ఎర్ర పూసలకు ఆ ఎరుపు ఇచ్చింది కూడా రాగే. నీ లాకెట్టులో ఉన్న ఎర్రమట్టి రంగుకి, ఆ పూసల ఎరుపుకి తల్లి ఒకటే.

ఇంక సహజ రాయి కాదని అంత ఖాయంగా ఎట్లా చెప్తున్నా అంటావేమో. సన్‌స్టోన్ అని ఒక రాయి ఉంది, అది కూడా ఇట్లానే మెరుస్తుంది, కానీ దాంట్లో రేకులు ఒక వాటంగా పడుకొని ఉంటాయి, రాయి తిప్పితే ఒక కోణంలో భగ్గుమని మెరిసి ఇంకో కోణంలో ఆరిపోతుంది, పైగా ఒకచోట దట్టంగా ఒకచోట పల్చగా ఉంటాయి. నీది ఎటు తిప్పినా ఎక్కడో ఒకచోట మెరుస్తానే ఉంది, రవ్వ వేగించేటప్పుడు గింజ గింజా సమానంగా ఉన్నట్టు అంతా ఒకే వరస. అది గాజు గుణం. ఇంకో విచిత్రం, అవెంచురిన్ అనే సహజ రాయి వేరే ఒకటి ఉంది, పచ్చగా ఉంటుంది, దానికి ఆ పేరు ఈ గాజును చూసే పెట్టినారు. రాయి పేరు గాజుకు కాదు, గాజు పేరు రాయికి.

లోహం సంగతి. తొమ్మిది కారెట్లు అంటే 24లో 9 పాళ్ళు, నూటికి 37.5. మన 22 కారెట్ల కళ్ళకు అది తక్కువే, కానీ దొరల దేశంలో అది దొంగ బంగారం కాదు, 1854 నుంచి చట్టం ఒప్పుకున్న బంగారమే. నువ్వు పంపిన ఫోటోలో కొక్కెం కింద నాకు మూడు గుర్తులు కనపడినాయి, 9, దాని పక్కన .375, ఆ తర్వాత ఓడ లంగరు. లంగరు ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అనే ఊర్లో బంగారం నాణ్యత పరీక్షించే కేంద్రం గుర్తు, 1773 నుంచి వాడుతున్నారు. దాని పక్కన ఒక అక్షరం ఉంటుంది, అది ఏ సంవత్సరమో చెప్పేస్తుంది, నీ లాకెట్టుకు ఆ చోటు అరిగిపోయి ఉంది, మెడలో రుద్దుకుని రుద్దుకుని. ఎవరో చానా రోజులు వేసుకున్నారమ్మా దాన్ని, పెట్టెలో పెట్టి మర్చిపోయిన వస్తువు కాదది. దొరసాని ఇచ్చిందనే మీ ఇంటి మాటకి, ఈ బర్మింగ్‌హామ్ ముద్రకి చక్కగా సరిపోయింది.

సరే, లెక్క చూద్దాం. గాజు పోగా లోహం 8 గ్రాములు ఉందనుకో, దాంట్లో మేలిమి 3 గ్రాములు. కరగబెడితే తరుగు పోతుంది, ఆ 3 గ్రాములకు కూడా పూర్తి రేటు ఎవరూ కట్టరు. ఆ డబ్బు ఒక శుభకార్యానికి చదివింపుల కింద పోతుంది, లాకెట్టు మళ్ళీ రాదు. అట్లని దీనికి లక్షలొస్తాయని నేను ఆశ పెట్టను, గోల్డ్‌స్టోన్ నగలు ఆ రోజుల్లో మధ్యతరగతి వాళ్ళు కూడా కొనుక్కున్నవే, కానీ ముక్క విరగకుండా, గాజు పగలకుండా, ముద్రతో సహా మిగిలింది కాబట్టి పాత నగలు సేకరించే వాళ్ళ దగ్గర కరిగించిన ధర కంటే ఎక్కువే పలుకుతుంది. గాజు పీకేస్తే ఆ విలువ ఆ నిమిషంలోనే పోతుంది.

కెంపు పెట్టిద్దామనే ఆయనకు కూడా దండం పెట్టి వచ్చేయ్. ఆయన మంచి మనసుతోనే చెప్పి ఉండొచ్చు, అయినా వద్దు. తొమ్మిది కారెట్ల లోహం గట్టిది, మన 22 కారెట్ల మాదిరి మెత్తగా వంగదు, గాజు చుట్టూ ఉన్న అంచును లేపబోతే వంగకుండా చిట్లుతుంది. మా నాయన రాళ్ళు పొదిగే పనే చేసేవాడు, ఆయన ఒకసారి ఇట్లాంటి దొరల దేశపు నగ అంచు లేపబోతే టప్పుమని చీలిపోయింది, ఆ రోజు సాయంత్రం దాకా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు, నాకు ఇప్పటికీ గుర్తు. అందుకని అంచు జోలికి ఎవరినీ పోనీయొద్దు.

తెగిన కొక్కెం మాత్రం బాగు చేయించుకో, కానీ టంకం పెట్టే ముందు రెండు మాటలు గట్టిగా చెప్పు. ఒకటి, గొలుసును లాకెట్టు నుంచి విడదీసి విడిగా పని చేయాలి, మంట సెగ గాజుకు తగిలితే ఒక పక్క వేడెక్కి ఒక పక్క చల్లగా ఉండి పగుళ్ళు బారుతుంది. లాకెట్టుకే అతుకు వేయాల్సి వస్తే లేజర్ మెషిన్ ఉన్న చోటికి పో, దాని వేడి సూదిమొన అంత చోటుకే తగులుతుంది. రెండు, లాకెట్టును నీళ్ళల్లో ముంచొద్దు. అంగట్లో మెరుగు పెడతామని నీళ్ళ మెషిన్ లో ముంచుతారు, అది బంగారానికి మంచిదే, అతుకులూ కీళ్ళూ ఉన్న పాత లాకెట్టుకు మాత్రం వద్దు.

ఇంట్లో శుభ్రం చేసేటప్పుడు కుంకుడుకాయ రసంలో నానబెట్టొద్దు, చింతపండు వద్దు, టూత్‌పేస్ట్ అసలే వద్దు, పేస్ట్ లో ఉండే సన్నపొడి గాజు మీద గీతలు పెట్టి నిగనిగ పోగొడుతుంది. కీలు సందులో పసుపు గట్టిపడి ఉంది నీ ఫోటోలో, మెత్తటి బ్రష్ తో పొడిగానే నిదానంగా దులుపు. పైన గాజు మీద తడి గుడ్డతో ఒకసారి తుడిచి వెంటనే పొడి గుడ్డతో ఒత్తు, అంతే చాలు. కెంపులూ రవ్వలూ ఉన్న నగలతో కలిపి ఒకే డబ్బాలో వేయొద్దు, గట్టితనం లెక్కలో గాజుకు దాదాపు 5.5 అయితే కెంపుకు 9, వజ్రానికి 10, పక్కన ఉంటే గీసేస్తాయి. నూలు గుడ్డ సంచి కుట్టి విడిగా పెట్టు, మీ జేజి చుట్టినట్టే.

ఫోటో గురించి చివర్లో చెప్తున్నా గానీ నా మనసంతా దాని మీదే ఉంది. రెండోసారి మెసేజ్ లో నువ్వు రాసినావు కదా, ఫోటో కొంచెం జరిగితే వెనక పక్క పెన్సిల్ తో మూడు తెలుగు అక్షరాలు ఉన్నాయని, అది జేజి వాళ్ళమ్మ పేరేమో అని. అంటే లోపల ఉండే మనిషి దొరసాని కాదేమో చెల్లెమ్మా, మీ మనిషేనేమో. దొరసాని ఖాళీ లాకెట్టు ఇచ్చి ఉంటే, మీ ముత్తవ్వ తన ఫోటో తనే కత్తిరించి పెట్టుకుని ఉంటే? విక్టోరియా రాణి కాలంలో వాళ్ళు లాకెట్లలో పోయినవాళ్ళ వెంట్రుకలు, ఫోటోలు దాచుకునేవాళ్ళు, రాణి భర్త 1861లో పోయినాక ఆ వాడుక ఇంకా పెరిగింది. ఆ వాడుక జమ్మలమడుగు దాకా వచ్చి ఒక ఆయమ్మ చేతిలో ఇట్లా మారి ఉండొచ్చు. ఫోటోను లాగొద్దు, వేలితో తడమొద్దు, నీళ్ళు తగలనీయొద్దు. నీడలో పెట్టి, అది ఉన్నచోటే ఉంచి, కనపడినంత వరకు ఫోన్ తో ఫోటో తీసుకో, మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరున్నా వాళ్ళకు చూపించి పేరు అడుగు, ఆ పేరూ, ఎవరు చెప్పినారో, ఏ రోజు చెప్పినారో ఒక కాయితం మీద రాసి లాకెట్టుతో పాటే పెట్టు. ఈ పని రేపు మాపు అనకుండా ఈ వారమే చెయ్యి, పెద్దవాళ్ళు ఉన్నప్పుడే అడగాలి.

ప్రశ్న: మేడమ్, మాది అనంతపురం. తిరునాళ్ళలో ఒకచోట ముదురు నీలం రాయి లాకెట్టు కొన్నాను, లోపల ఆకాశంలో చుక్కల్లాగా మెరుస్తుంది. సహజంగా గనిలో దొరికిన రాయి అనీ, శనికి మంచిదనీ చెప్పి 4,000 తీసుకున్నారు. నిజమేనా?

జవాబు: నీలం రంగులో, లోపల అంతా సమానంగా చుక్కలు మెరుస్తుంటే అది పై జవాబులో చెప్పిన గాజుకు చెల్లెలే, గనిలో దొరికింది కాదు. ఎర్రదాంట్లో రాగి రేకులు మెరిసినట్టే దీంట్లో కూడా లోహపు రేకులే మెరుస్తాయి, నీలం రంగు కోబాల్ట్ వల్ల వస్తుంది. పచ్చటిది కూడా ఉంటుంది, దానికి క్రోమియం. చూడ్డానికి చానా అందంగా ఉంటుంది, నా దగ్గర కూడా ఒకటి ఉంది, ఇష్టంగా పెట్టుకుంటా. గాజు అని చెప్పి గాజు ధరకు అమ్మితే ఎవరికీ బాధ లేదు, రాయి అని చెప్పి గ్రహం పేరు మీద అమ్మడమే తప్పు. బిల్లు ఉంటే తీసుకుపోయి సహజ రాయి అని రాసివ్వమని అడగండి, రాసివ్వకపోతే డబ్బు వెనక్కి అడగండి. ఇకముందు ఏ రంగురాయి కొన్నా ల్యాబ్ సర్టిఫికెట్ లేకుండా వెయ్యి దాటొద్దు.

ప్రశ్న: అమ్మా, మేము కర్నూలు. మా అత్తగారి అడ్డిగలో ఎర్రరాళ్ళు రెండు నల్లగా మాడినట్టు అయిపోయినాయి. రాళ్ళు చెడిపోయినాయా? ఇంకో సంగతి, ఆ అడ్డిగ చానా పాతది, అత్తగారి అత్తగారిదంట, దాన్ని అమెరికాలో ఉన్న మా పాపకు పంపించొచ్చా?

జవాబు: రాయి చెడలేదమ్మా, రాయి వెనకాల ఉండే రేకు చెడింది. పాత అడ్డిగల్లో రాళ్ళ వెనక పక్క మూసేసి కడతారు, లోపల మెరిసే రేకు పరిచి, కింద లక్క నింపి, పైన రాయి పెట్టి అంచు ఒత్తుతారు, కాంతి లోపలికి పోయి రేకు మీద పడి తిరిగొస్తేనే ఆ ఎర్రటి జ్వాల. ఎప్పుడో స్నానానికో పండగ మెరుగుకో నీళ్ళు లోపలికి దిగి ఉంటాయి, రేకు నల్లబడింది. వేడినీళ్ళలో వేస్తే ఇంకా పాడైతుంది, లక్క మెత్తబడుతుంది. పాత కట్టు పని తెలిసిన కంసాలి దొరికితే ఆ రెండు రాళ్ళే తీసి రేకు మార్చి అదే రాయి మళ్ళీ పెట్టిస్తాడు, మీ కళ్ళ ముందర కూర్చుని చేయించుకోండి, రాళ్ళు మారిపోకుండా.

పంపడం గురించి, 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళాకృతుల్ని, చేతిపని వస్తువుల్ని మనలాంటి వాళ్ళు సొంతంగా దేశం బయటికి పంపకూడదు. మీ అడ్డిగ నూరేళ్ళు దాటిందా లేదా అనే అనుమానం ఉంటే కేంద్ర పురావస్తు శాఖ వాళ్ళకు చూపిస్తే, పురావస్తువు కాదని తేలినప్పుడు కాయితం ఇస్తారు, అది చేతిలో ఉంటే పాపకు ఎయిర్‌పోర్టులో ఇబ్బంది ఉండదు. కొరియర్ లో మాత్రం వేయొద్దు. నా మాట వింటే పాప వచ్చినప్పుడు ఇక్కడే పెట్టుకోమనండి, ఈలోపు రేకు పని అయిపోతుంది.